వసుంధర ఉతికిన చీర

ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్లు: మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని తెగిన పోగులు అతుకుతున్న నాన్న, గడప పక్కన రాట్నం ముందు అవ్వ, మంగళవారం షాపుకు సెలవు కాబట్టి తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటున్న శైలజక్క, నేను. అమ్మ లేదు. శ్రీరంగాపూర్‌లో చిన్నమ్మకు బాగాలేదని ముందురోజే పోయింది. పదకొండింటికి వీపనగండ్ల నుంచి విజయమ్మ అనే ఆమె వచ్చింది. దాంతో ఐదుగురం. వసుంధరను కూడా కలుపుకుంటే ఆరుగురం. కానీ వసుంధర సంగతి అక్కకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

మాది గద్వాలకు బస్సులో ముప్పావు గంట దూరంలో ఉన్న ఊరు. మూడు తరాలుగా చీరలు నేస్తున్నాం. చీర ఒడలంతా నూలు, అంచులు పట్టు. ఆ రెండూ కలిసే చోటే మా పనంతా ఉంటుంది. పోగు పోగునూ మెలేసి కలపాలి. మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే తప్ప సాగదు. పది పాసైన దగ్గర్నుంచి నాలుగేళ్లు నాన్న పక్కన అక్కే కూర్చుంది. వానాకాలం గుంటలో చెమ్మకు అక్క మోకాళ్లు వాచేవి. అవ్వ ఉప్పు కాపడం పెట్టేది. నిరుడు దసరా ముందు, ఆన్‌లైన్‌లో చీరలు అమ్మే ఒక గద్వాల షాపులో పని దొరికినప్పుడు అక్క గుంటలోంచి లేచి నిలబడి, "ఇంక సచ్చినా ఇందుల కాలు పెట్ట," అంది. అప్పటి నుంచి ఆ చోట అమ్మ కూర్చుంటోంది. నాన్న నేసిన చీరలు కూడా ఆ షాపుకే పోతాయి.

చేరిన రోజు అక్కతో రెండు పేజీల కాగితం మీద సంతకం పెట్టించారు. అది ఇంగ్లీషులో ఉంది. "ఏమున్నదో జర చదివి చెప్పు," అని అక్క ఇంటికి తెస్తే, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక పూటంతా చదివాను. అందులో ఒక లైను నాకు బాగా గుర్తుంది. ఇక్కడ పనిచేసేవాళ్లు ఈ షాపు సరుకు గురించి ఫోన్లో, గ్రూపుల్లో ఎక్కడ మాట్లాడినా, తాము ఇక్కడ పనిచేస్తున్నామని ముందు చెప్పాలి.

"మంచిదే గదా," అంది అక్క.

నెల తిరగకుండానే షాపు సార్ పనివాళ్లందరినీ కూర్చోబెట్టి ఇంకోటి చెప్పాడట. "చీరల గ్రూపుల మన ఫొటోల కింద రెండు మంచి మాటలు రాయుండ్రి. షాపోళ్లమని రాస్తే ఎవరు నమ్ముతరు? కొనుక్కున్నోళ్ల లెక్క రాయుండ్రి."

"మరి కాయితంల గట్ల లేదు గదక్కా," అన్నాను.

"కాయితం బీరువల ఉంటది. సారు ఎదురుంగ ఉంటడు. నువ్వు మంచిగ రాస్తవ్ గద, నువ్వే రాయి," అని తన పాత ఫోను నా చేతికిచ్చింది.

నాకు నలుగురిలో మాట రాదు. మా ఊరి బడిలో హాజరు పిలిచేటప్పుడు కూడా నేను గొంతు సవరించుకునేలోపు సారు పక్క పేరుకు పోయేవాడు. బస్సులో కండక్టరు చిల్లర ఇవ్వకపోతే అడగలేక దిగిపోతాను. రాయడం మాత్రం ఏడో తరగతి నుంచీ అలవాటు. రోజూ డైరీ రాస్తాను. అలాంటి నాకు ఒక కొత్త మనిషి చేతికి వచ్చింది. ఆమెకు వసుంధర అని పేరు పెట్టాను. ఊరు వనపర్తి. ఆమె భర్తకు కరెంటాఫీసులో ఉద్యోగం ఇచ్చాను, ఎందుకంటే ఆ నెల మా ఊళ్లో రోజూ కరెంటు పోయేది. ఇంటి ముందు నందివర్ధనం చెట్టు కూడా పెట్టాను. వసుంధరకు భయం లేదు. ముక్కూ మొహం తెలియనివాళ్లకు ఏ రంగు మీద ఏ అంచు నప్పుతుందో చెప్పేది. ఒకామె, "అక్కా, మీరు చెప్తే కళ్లు మూసుకుని కొంటా," అని రాసింది. ఆ రోజంతా నాకు కడుపు నిండినట్టుంది.

అబద్ధం రాస్తున్నానని నాకు అనిపించలేదు. చీరలు నిజంగానే మంచివి. నాన్న చేతులు నాకు తెలుసు. అయినా ఆ నెలల డైరీ ఇప్పుడు తిరగేస్తే, వసుంధర పేరు ఒక్కచోట కూడా లేదు. ఉడుకుతున్న పప్పు వాసన దగ్గర్నుంచి రాసుకునేదాన్ని, అది మాత్రం ఎందుకు రాయలేదో.

మార్చిలో ఒకామె గ్రూపులో అడిగింది. మీగడ రంగు ఒడలు, మెరూన్ అంచు ఉన్న చీర ఫొటో కింద, "ఇది ఇంట్లో ఉతుక్కోవచ్చునా అమ్మా?" అని.

"రాయి," అంది అక్క, అన్నం కలుపుకుంటూ.

"ఉతకొచ్చా?"

"ఏమో. మనమెప్పుడన్న ఉతికినమా? నాయిన అంటడు గద, మన రంగు ఏడికి పోదు అని."

నాన్న అప్పుడు స్నానం చేస్తున్నాడు. ఆయన వచ్చేదాకా ఆగితే సరిపోయేది. ఆగలేదు, రాసేశాను.

ఇప్పుడు ఆ మంగళవారం సంగతికి వస్తాను.

విజయమ్మ గుమ్మంలో నిలబడి, "బాలకృష్ణ ఇల్లు ఇదేనా?" అని అడిగింది. అరవై దాటిన మనిషి. ఎండకు మొహం కందిపోయింది. చంకలో గుడ్డ సంచి. షాపువాళ్లు చీరకు నేసినవారి పేరు, ఊరు రాసిన చిన్న చీటీ కడతారు. ఆ చీటీ పట్టుకుని రెండు బస్సులు మారి వచ్చిందట.

"గింత ఎండల వడి వచ్చినవ్ బిడ్డా, కూసో. నీళ్లు తాగు ముందుగాల," అంది అవ్వ. నేను చెంబుతో నీళ్లిచ్చాను.

ఆమె సంచిలోంచి చీర తీసి చాప మీద పరిచింది. నేను చూశాను, అక్క చూసింది. అదే చీర. మీగడ రంగు ఒడలి మీదకు మెరూన్ రంగు పాకింది. అంచు పొడవునా గులాబీ మరకలు, కొన్నిచోట్ల అరచేయంత.

"నేను అంగన్‌వాడీ టీచర్‌గ చేసిన తమ్మీ, ముప్పై ఒక్క ఏండ్లు," అంది నాన్నతో. "రిటైరయ్యే రోజు కట్టుకుందామని తీసుకున్న. ఒక్కసారే కట్టిన. పిల్లలు వచ్చి మీద వడ్డరు, మిఠాయి చేతులన్ని దీనికే తుడిచిండ్రు. కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఇంటికొచ్చి సబ్బు నీళ్లల నానేసిన. తెల్లారి చూస్తే గిట్ల."

నాన్న గుంటలోంచి లేచి వచ్చాడు. చీర తిరగేసి, అంచు కలిసిన చోట బొటనవేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు నడిపాడు. నాన్న చీరను మొదట చూసేది అక్కడే.

"అతుకు ఏడ జారలేదు. కని, ఇంట్ల ఎందుకు ఉతికినవ్ టీచరమ్మా? పట్టంచు గదా."

"షాపుకు పోతె గదే అన్నరు. డబ్బల కాయితం పెట్టినం, అండ్ల రాసున్నది అన్నరు. ఆ కాయితం ఇంగ్లీషుల ఉన్నది. నేను ఉత్తగ ఉతకలేదు తమ్మీ, అడిగే ఉతికిన. గీ చీరనే కొన్న ఒకామె చెప్పింది. షాపోళ్లు చెప్తె నేను నమ్మకపోదును. అమ్ముకునేటోళ్లు వందంటరు. ఈమె మన లెక్క ఇంట్ల ఉండేటామె."

ఫోను తీసి వెతికి నాన్నకు ఇచ్చింది. నాన్న చేయి చాపి దూరంగా పెట్టుకుని చూశాడు, అక్షరాలు ఆనలేదు.

"సుప్రియా, చదువు బిడ్డా."

అక్క జుట్టు విదిలించడం ఆపేసింది. తల ఎత్తకుండా నా వైపు చూసి, వద్దన్నట్టు కళ్లు మూసి తెరిచింది. ఎలా వద్దంటాను? చదివాను. నేను రాసిన మాటల్ని పైకి చదవడం అదే మొదటిసారి.

"అమ్మా, నేను వసుంధరను, వనపర్తి. ఇదే చీర కొని ఏడాదయింది. ఇంట్లోనే సబ్బు నీళ్లలో నానబెట్టి మూడుసార్లు ఉతికాను. రంగు చుక్క కూడా పోలేదు. ధైర్యంగా తీసుకోండి."

"ఎంత మంచిగ రాసింది సూడు," అంది విజయమ్మ. "ఆమెది తప్పు అంటలేను. ఆమెకు పోలేదు, నాకు పోయింది. సబ్బు ఎక్కువేసిన్నో ఏమో. గది అడుగుదామని వనపర్తి గూడ పోయిన. ఆమె పెనిమిటి కరెంటాఫీసుల చేస్తడని ఒకసారి రాసింది. పోయి, వసుంధర వాళ్ల సారు ఎవరని అడిగిన. ఒకాయన ఇంకొకాయనను పిలిచె, ఆయన మరొకాయనను పిలిచె. అందరు మొహాలు చూసుకుంటుండ్రు. ఒకాయన నవ్వుకుంట, 'అమ్మా, మా ఇంటామె పేరు గది కాదు కని, పనేందో చెప్పు, చేసి పెడ్త' అన్నడు."

అవ్వ పకపకా నవ్వింది. నవ్వి, రాట్నం ఆపి, "మూడుసార్లు ఉతికిందా? మా అత్త నేసింది, నేను నేసిన, నా కోడలు నేస్తుంది. మా ఇంట్ల ఒక్కరన్న గీ చీర కట్టినమా, ఉతికినమా? నా పెండ్లికి గూడ సాదా నూలు చీరనే. ఇంట్ల తయారైంది తయారైనట్టె గద్వాల పోతది. నీళ్లు తగిల్తె ఏమైతదో నాకే తెల్వదు," అంది.

అవ్వ అన్నది ఎప్పటి నుంచో ఉన్నదే. కానీ ఆ మాట అంత విడిగా నేనెప్పుడూ వినలేదు. మా ఇంట్లో చీర ఎప్పుడూ కొత్తదే. మడత పెట్టింది, గంజి వాసన వేసేది, ఎవరూ కట్టుకోనిది. అది చెమట పట్టడం, మరక పడటం, తడవడం మేమెవరం చూడలేదు. ఎవరూ చూడనిదాన్ని నేను మూడుసార్లు ఉతికాను.

విజయమ్మ నాన్న వైపు చూసింది. "తప్పుగ అనుకోకు తమ్మీ. ఆమె చీరకు పోని రంగు నా చీరకు పోయిందంటె... రంగు అద్దేకాడ ఏమన్న తక్కువైందా?"

రంగు మేము వేయం. రంగు వేసిన దారం షాపువాళ్లే ఇస్తారు. ఆ మాట చెప్పేస్తే అయిపోయేది.

"నా చేతికి వచ్చినంక నాదే టీచరమ్మా," అన్నాడు నాన్న. "దారం తడిపి చూస్కొని నేయాలె. చూస్కోలేదు. తప్పు నాదే కావచ్చు."

నేను ఖాళీ చెంబు తీసుకుని వంటింట్లోకి పోయాను. అక్క వెనకే వచ్చింది.

"నోరు తెరువకు," అంది గుసగుసగా. "ఆమె ఇంకో పావుగంటల పోతది."

"నాయిన తన మీదేసుకుంటుండు అక్కా."

"ఏసుకోని. నాయినను ఎవరేమంటరు? ఆమె పోలీస్‌టేషన్‌కు పోతదా? నీకు చెప్పలేదు గని, వచ్చే నెల వనపర్తిల కొత్త షాపు తెరుస్తుండ్రు. దానికి నన్ను పెద్దగ పెడ్తనన్నడు సారు. గీ ముచ్చట బయటపడ్డదనుకో, అది వాయె, ఇది వాయె. మల్ల ఆ గుంటలనే." తన మోకాలి మీద చెయ్యి పెట్టుకుంది. అలా పెట్టుకుంటున్నట్టు తనకు తెలియదేమో. "నేను నిన్నేమన్న అడిగిన్నానే ఎప్పుడన్న? గిదొక్కటి అడుగుతున్న."

అడగలేదు. నిజం. నా ఇంటర్ పుస్తకాలు, ఈ ఫోను, నా డైరీ కూడా అక్క ఇచ్చినవే. అక్క బయటకు పోయింది.

పొయ్యి పక్కన అరలో పాత ఫోను ఉంది. తీశాను. పోయి చెప్పాలంటే నాకు చేతకాదు. గుమ్మం దాకా పోయి గొంతు సవరించుకునేలోపు విజయమ్మ చెప్పులేసుకుంటుంది. నాకు చేతనైంది ఒకటే. వసుంధర రాసిన ఆ మాటల కిందే రాశాను. రెండుసార్లు చెరిపాను. అక్క గురించి రాయకుండా రాయొచ్చా అని కూడా చూశాను. రాయలేకపోయాను. అక్క పేరు, షాపు పేరు తీసేసినా, రాసింది షాపు తరఫు మనిషని చెప్పకపోతే మిగతా ఏ మాటా నిలబడటం లేదు. మళ్లీ ఎవరో కొనుక్కున్నామె ఏదో చెప్పినట్టే ఉంది. పంపించాను.

బయట విజయమ్మ ఫోను మోగింది.

"అగో! వసుంధరమ్మ రాసింది!" అని ఆమె సంబరంగా అంది. "నూరేండ్లు ఆమెకు. ఏడికి పోయినవమ్మా చిన్నామె, రా, చదివి పెట్టు, అందరం ఇంటం."

మళ్లీ నన్నే. గుమ్మం దాటి వచ్చాను. అక్క లేచి, "నేను చదువుత పెద్దమ్మా," అని చేయి చాపింది. విజయమ్మ అప్పటికే ఫోను నాకు ఇచ్చేసింది. ఈసారి నేను అక్క వైపు చూడలేదు.

"విజయమ్మ గారికి. వసుంధర అనే మనిషి లేదు. ఇవన్నీ రాసింది ఆ చీరల షాపులో పనిచేసే అమ్మాయి చెల్లెలు. మేము నేసేవాళ్లం. మా ఇంట్లో ఎవరూ ఈ చీర కట్టలేదు, ఉతకలేదు. ఉతికితే ఏమవుతుందో తెలియకుండానే రాశాను. తప్పు మీ సబ్బుది కాదు. నేసిన ఆయనది కాదు. నాది."

చదవడం అయ్యాక కూడా ఫోనును అలాగే పట్టుకుని ఉన్నాను. రాట్నం తిరగడం లేదు.

విజయమ్మకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. నన్ను చూసింది, అక్కను చూసింది, మగ్గాన్ని చూసింది.

"అంటె ఆమె లేదా?"

తల అడ్డంగా ఊపాను.

"కరెంటాఫీసు సారు గూడ?"

మళ్లీ ఊపాను.

"నందివర్ధనం చెట్టు?"

దానికి నాకు ఏడుపొచ్చింది.

విజయమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. కోప్పడుతుందనుకున్నాను. "నేనైతె ఆమెతోని దోస్తాన్ చేద్దామనుకున్న," అంది. "ఒక్కదాన్నే ఉంట ఇంట్ల. వనపర్తి ఎంత దూరం, అప్పుడప్పుడు పోయి రావచ్చు అనుకున్న."

నాన్న అక్క వైపు తిరిగాడు. ఆయన గొంతు పెంచడు, అప్పుడూ పెంచలేదు.

"మా నాయిన నేసిండు, నేను ఆ షాపుల చేస్త అని రాస్తె ఏమయ్యేది శైలజా?"

"ఎవరు కొనకపోదురు."

"కొనకపోతె కొనకపోని. ఉతుకుడు గురించి అడిగితె, మా నాయిననడిగి చెప్త అనేదానివి గదా. ఇంట్లనే ఉన్న గదనే. పక్కనే ఉన్న నన్ను ఇడిసిపెట్టి, లేనిదానితోని చెప్పిస్తిరి."

నాన్న చీర మడిచాడు. గద్వాలలో రంగులు వేసే తన దోస్తు నాగన్న ఉన్నాడని, ఒడలంతా మెరూన్ వేయిస్తే మరక కలిసిపోతుందని, తనే వీపనగండ్లకు తెచ్చి ఇస్తానని విజయమ్మతో చెప్పాడు. ఆమె సరేనంది. అవ్వ అన్నం తినిపొమ్మంటే ఆకలి లేదంది. పోతూ పోతూ నా ముందు ఆగి, నా తల మీద చేయి పెట్టి తీసేసింది. చిన్నపిల్లలకు జ్వరముందో లేదో చూసినట్టు.

రెండున్నరకు అక్క ఫోను మోగింది. షాపు సార్. గ్రూపులో ఎవరో చూసి ఆయనకు చూపించారు. అక్క వాకిట్లో నిలబడి మాట్లాడింది. మొదట, "సార్, సార్," అంది. తర్వాత, "మీరే గద సార్ రాయమన్నది," అంది. చివరకు, "మంచిది సార్," అని పెట్టేసింది.

లోపలికి వచ్చి ఎవరినీ చూడకుండా చెప్పింది. "రాయమని నేనెప్పుడన్న అంటుండు. నువ్వు సంతకం పెట్టిన కాయితంల ఏమున్నదో చదువుకో అంటుండు. రేపటి నుంచి రావద్దన్నడు."

అవ్వ, "వాని నోట్ల మన్ను వడ," అంది. మగ్గంలో అమ్మ కూర్చునే చోటు ఖాళీగా ఉంది. నాన్న అటు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. అక్క అది చూసింది.

నేను చేసింది తప్పని నాకు అప్పుడు అనిపించలేదు. ఇప్పుడూ అనిపించడం లేదు. కానీ నిజం చెప్తే తేలికవుతామని పుస్తకాల్లో చదివాను. నాకు ఏమీ తేలిక కాలేదు. ఆ బరువు నా దగ్గర్నుంచి లేచి పోయి అక్క మోకాళ్ల మీద కూర్చుంది, అంతే. వసుంధరగా రాసినప్పుడు దాని ఫలితం విజయమ్మ మీద పడింది. సుప్రియగా రాస్తే అక్క మీద పడింది. రెండుసార్లూ రాసింది నేనే, రెండుసార్లూ నా మీద పడలేదు.

అక్క మా ఇద్దరి గదిలోకి పోయింది. నేను వెనకే పోయాను. మంచం మీద షాపు పేరున్న సంచి, అందులో తన టిఫిన్ డబ్బా, దువ్వెన. అక్క ఆ సంచిని మడిచి మడిచి చిన్నదాన్ని చేస్తోంది.

"అక్కా," అన్నాను. గొంతు సవరించుకోకుండానే వచ్చింది ఆ మాట. "సారే రాయమన్నడని నేను గ్రూపుల రాస్త. నా పేరుతోనే రాస్త."

అక్క తల ఎత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, తడి లేదు.

"రాయి," అంది. "అది గూడ రాసుకో. నీకు రాసేతందుకు మేమంత ఉన్నం గదా."

లేచి వచ్చి, ఒక చేత్తో నన్ను గుమ్మం అవతలికి జరిపి తలుపు వేసింది. లోపలి నుంచి గడియ పెట్టిన చప్పుడు వినిపించింది. నా డైరీ లోపలే ఉండిపోయింది.